స్పానిష్ వర్తమాన సబ్‌జంక్టివ్: రెగ్యులర్ క్రియలను సరిగ్గా వాడే విధానం, మెట్టు మెట్టుగా

నెల్లూరులో సాయంత్రం పూట నా దగ్గర స్పానిష్ నేర్చుకుంటున్నవారూ, ఒంగోలు, కావలి, కందుకూరు నుంచి ఫోన్ చేసి సందేహాలు అడిగేవారూ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చి ఆగుతున్నారు. వర్తమాన కాలపు మామూలు రూపాలు "ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల" వరకు నోటికి బాగానే వస్తున్నాయని, ఆ తరువాత వచ్చే "ఆబ్లె, ఆబ్లెస్" అనే సబ్‌జంక్టివ్ రూపాలు (కోరిక, విన్నపం, అనుమానం లాంటివి చెప్పేటప్పుడు వచ్చే క్రియా రూపాలు) ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో అంతుపట్టడం లేదని వారి మాట. డెలె అనే స్పానిష్ భాషా పరీక్షకు చదివేవారికి బి1 అనే మధ్యస్థ స్థాయిలో ఇది తప్పనిసరి. రొయ్యల వ్యాపారం చూసే వారికి ఈక్వెడార్ మనుషులతో మాట్లాడవలసి వస్తే మర్యాదగా "ఇలా చేయండి" అని అడగడానికి కూడా ఇదే రూపం కావాలి. అందుకే రెగ్యులర్ క్రియల (ఒకే క్రమంలో రూపాలు మారే క్రియల) వరకు మొత్తం పద్ధతిని ఒకచోట వరుసగా రాస్తున్నాను.

1. మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

సబ్‌జంక్టివ్ దగ్గర తడబడేవారిలో చాలామందికి అసలు ఇబ్బంది దాని కింద ఉన్న పునాదిలో ఉంటుంది. ఈ నాలుగూ మీకు వచ్చో లేదో ముందుగా చూసుకోండి.

- క్రియ మూల రూపం "ఆర్"తో ముగుస్తుందా, "ఏర్"తోనా, "ఈర్"తోనా అని చూడగానే చెప్పగలగాలి. స్పానిష్ క్రియలన్నీ ఈ మూడు గుంపుల్లోనే ఉంటాయి.
- ఆ క్రియకు "నేను" రూపం తడుముకోకుండా రావాలి. అబ్లార్ అంటే ఆబ్లొ, కొమేర్ అంటే కోమొ, బిబీర్ అంటే బీబొ.
- "తూ", "ఉస్తేద్" తేడా తెలియాలి. ఇది మనకు కష్టం కాదు, మన "నువ్వు", "మీరు" లాంటిదే. అయితే ఉస్తేద్‌తో వచ్చే క్రియ "అతను, ఆమె" రూపంలో ఉంటుంది.
- ఒక నోటు పుస్తకంలో ఎడమ పేజీ మామూలు రూపాలకు, కుడి పేజీ సబ్‌జంక్టివ్ రూపాలకు కేటాయించుకోండి. రెండూ పక్కపక్కన కనబడితేనే అచ్చు మారే తీరు కంటికి అలవాటవుతుంది.

వీటిలో రెండోది రాకపోతే ఇక్కడితో ఆగి, ముందు దాన్ని వారం రోజులు సాధన చేసి రండి. అది లేకుండా ముందుకు సాగితే ప్రతి మెట్టులోనూ కాలు జారుతుంది.

2. ఇక్కడి స్పానిష్ మాటలను చదవవలసిన తీరు

ఈ వ్యాసంలో స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాశాను. ఒత్తి పలకవలసిన అచ్చును దీర్ఘంగానూ, మిగిలిన వాటిని హ్రస్వంగానూ రాశాను. "ఆబ్లె" అంటే ఒత్తు మొదటి అక్షరం మీద, "అబ్లే" అంటే చివరి అక్షరం మీద. ఇవి రెండు వేరు వేరు మాటలు. ఆ సంగతి పొరపాట్ల దగ్గర వివరంగా చెబుతాను.

"హెచ్" అక్షరాన్ని రాస్తారు కానీ పలకరు. "వి" అక్షరానికి కూడా "బ" ధ్వనే వస్తుంది, అందుకే జీవించడం అన్న మాటను బిబీర్ అని రాశాను. "ఖ" అని రాసిన చోట ఉర్దూ మాట్లాడేవారు "ఖబర్" అనేటప్పుడు గొంతులోంచి పలికే ధ్వనిని తీసుకోండి. పదం చివరి "అ"ను మనం అలవాటుగా మింగేస్తాం. స్పానిష్‌లో దాన్ని నోరు తెరిచి, పొట్టిగా పలికే "ఆ"లా స్పష్టంగా పలకాలి, ఎందుకంటే ఇక్కడ అర్థమంతా ఆ చివరి అచ్చులోనే ఉంది. త, ద ధ్వనులు మాత్రం మన దంత్యాలకు దగ్గరగానే ఉంటాయి కనుక వాటి గురించి దిగులు అక్కరలేదు.

3. మొదటి మెట్టు: ఈ వాక్యానికి సబ్‌జంక్టివ్ కావాలా అని తేల్చుకోవడం

రూపం తయారుచేయడం సులువు. ఎప్పుడు తయారుచేయాలో తేల్చుకోవడంలోనే అసలు పని ఉంది, కాబట్టి ఇక్కడ ఎక్కువ సేపు ఆగుదాం.

నెల్లూరు వారికి నేను రొట్టెల పండుగతో మొదలుపెట్టి చెబుతాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం కోరుకునేవారు ఉద్యోగ రొట్టెను, పెళ్ళి కావలసినవారు వివాహ రొట్టెను పట్టుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు అదే రొట్టెను తెచ్చి మరొకరికి ఇస్తారు. ఇచ్చేవారి నోట "నాకు ఉద్యోగం వచ్చింది" అన్న మాట ఉంటుంది, అది జరిగిన సంగతి. తీసుకునేవారి మనసులో "నాకు ఉద్యోగం రావాలి" అన్న మాట ఉంటుంది, అది ఇంకా లోకంలోకి రాలేదు, కోరికగానే ఉంది. స్పానిష్ క్రియ కూడా ఈ రెండు చేతులను వేరు చేసి చూపిస్తుంది. సంగతిని సంగతిగా చెప్పేటప్పుడు మామూలు రూపం వస్తుంది. కోరిక, విన్నపం, అనుమానం, ఇంకా జరగని పని అయితే సబ్‌జంక్టివ్ వస్తుంది.

కావలి నుంచి వచ్చే ఒక విద్యార్థిని మొన్న ఇలా రాసింది: "కియేరొ కె మి ఎర్మానొ త్రబాఖ ఎన్ చెన్నై." మా తమ్ముడు చెన్నైలో పని చేయాలని నా కోరిక అని ఆమె ఉద్దేశం. "మీ తమ్ముడికి ఉద్యోగం వచ్చేసిందామ్మా?" అని అడిగాను. "ఇంకా లేదు సార్, రావాలి" అంది. "అయితే అతను రొట్టె తీసుకునే వైపు ఉన్నాడు, నువ్వు ఇచ్చే వైపు నిలబెట్టావు" అన్నాను. తన పుస్తకంలో "త్రబాఖ" చివరి అచ్చు కొట్టేసి "త్రబాఖె" అని తానే దిద్దుకుంది. ఆ వాక్యంలో మారవలసింది ఆ ఒక్క అచ్చే.

ఏ వాక్యమైనా ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి.

- వాక్యంలో రెండు క్రియలు ఉండి, వాటి మధ్య "కె" (మన "అని" లాంటిది) అన్న మాట ఉందా?
- రెండు క్రియలకూ కర్తలు వేరు వేరా?
- మొదటి క్రియ కోరికనో, విన్నపాన్నో, సందేహాన్నో, సంతోషం లాంటి భావాన్నో, "అవసరం, ముఖ్యం" లాంటి అభిప్రాయాన్నో చెబుతోందా?

మూడింటికీ అవుననే జవాబు వస్తే రెండో క్రియను సబ్‌జంక్టివ్‌లో పెట్టాలి.

ఇందులో రెండో ప్రశ్న కోరికల దగ్గర, విన్నపాల దగ్గర, భావాల దగ్గర కచ్చితంగా పనిచేస్తుంది. "నో క్రేయొ కె" (నేను అనుకోవడం లేదు) తరువాత, భవిష్యత్తును సూచించే "క్వాందొ" (ఫలానా పని జరిగినప్పుడు, జరిగాక) తరువాత మాత్రం కర్త ఒకరే అయినా సబ్‌జంక్టివ్ రావచ్చు. "ఒఖలా" అన్న మాటకు మొదటి క్రియ అసలు అక్కరలేదు. అది ఒక్కటే "అలా జరిగితే బాగుండు" అన్నంత అర్థం ఇస్తుంది. "ఒఖలా సూబ ఎల్ ప్రేసియొ దెల్ కమరోన్" అంటే రొయ్య ధర పెరిగితే బాగుండు అని. ఈ మాట అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వచ్చింది, దాని లోపల దేవుడి పేరు ఉంది. "ఇన్షా అల్లా" వింటూ పెరిగిన మన ఊరివారికి ఇది ఒకసారి చెబితే మరచిపోరు.

4. రెండో మెట్టు: తెలుగు వాక్యం చివర ఏముందో చూడటం

చాలా పుస్తకాలు సబ్‌జంక్టివ్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్పుతాయి. ఇంగ్లీషులో ఈ తేడా దాదాపుగా అరిగిపోయింది కనుక అక్కడి నుంచి చూస్తే ఏమీ కనబడదు. తెలుగులో ఈ తేడాలు చాలావరకు ప్రత్యయాల్లో బతికే ఉన్నాయి. మీ మనసులో మెదిలిన తెలుగు వాక్యాన్నే పట్టుకుని దాని చివర చూడండి.

"మని" ఉంటే సబ్‌జంక్టివ్. మా అమ్మ తినమని చెబుతోంది అన్నప్పుడు "మి మాద్రె దీసె కె కోమ". అదే నేను తింటానని మా అమ్మ చెబుతోంది అన్నప్పుడు "మి మాద్రె దీసె కె కోమొ". స్పానిష్‌లో "దీసె కె" రెండు చోట్లా ఒకటే. తేడా అంతా చివరి అచ్చులో ఉంది. తెలుగులో అదే తేడా "తినమని", "తింటానని" అన్న మాటల్లో ఉంది. ఈ ఒక్క జత పట్టుబడితే సగం పాఠం వచ్చినట్టే.

"ఏట్టు" లేదా "ఏలా" ఉంటే సబ్‌జంక్టివ్. నీకు అర్థమయ్యేట్టు నిదానంగా మాట్లాడతాను అంటే "ఆబ్లొ దెస్పాసియొ పార కె కొంప్రేందస్". "డానికి" ఉంటే సాధారణంగా మూల రూపమే చాలు. నేర్చుకోవడానికి చదువుతున్నాను అంటే "ఎస్తూదియొ పార అప్రెందేర్". ఎవరి పని వారికోసమే అయితే "పార", ఒకరి పని మరొకరి కోసం అయితే "పార కె". తెలుగు ఈ పనిని మనకు తెలియకుండానే చేస్తోంది.

"అకముందే" ఉండి కర్తలు వేరైతే సబ్‌జంక్టివ్. వాళ్ళు చేరకముందే అంటే "ఆంతెస్ దె కె యేగెన్".

"అనుకోవడం లేదు" ఉంటే సబ్‌జంక్టివ్, "అనుకుంటున్నాను" ఉంటే మామూలు రూపం. ధర తగ్గుతుందని అనుకోవడం లేదు: "నో క్రేయొ కె బాఖె ఎల్ ప్రేసియొ". తగ్గుతోందని అనుకుంటున్నాను: "క్రేయొ కె బాఖ ఎల్ ప్రేసియొ".

"దాం" ఉంటే "మనం" రూపపు సబ్‌జంక్టివ్ ఒక్కటే చాలు. తిందాం అంటే "కొమామొస్", మాట్లాడుకుందాం అంటే "అబ్లేమొస్".

"వర్ధిల్లాలి" అని నినాదం ఇచ్చేటప్పుడు మనం వాడే రూపానికి జోడు "బీబ". అది బిబీర్ క్రియ సబ్‌జంక్టివే.

"నందుకు" దగ్గర ఒక్క జాగ్రత్త కావాలి. నువ్వు చదువుతున్నందుకు సంతోషం అంటే "మె అలేగ్రొ దె కె ఎస్తూదియెస్". ఇక్కడ చదవడం నిజంగా జరుగుతున్న పనే, కోరిక కాదు. అయినా వాక్యం బరువు సంగతి మీద కాక దాని వల్ల కలిగిన సంతోషం మీద ఉంది కనుక స్పానిష్ సబ్‌జంక్టివ్ కోరుతుంది. రొట్టె పోలిక ఇక్కడ పనిచేయదు. దీన్ని విడిగా గుర్తుంచుకోవాలి.

ఇక తెలుగు మనకు సాయం చేయని చోటు ఒకటుంది. తెలుగు మాట్లాడే మనిషి కావాలి అన్నా, తెలుగు మాట్లాడే ఆ మనిషిని నాకు తెలుసు అన్నా మనం "మాట్లాడే" అనే అంటాం. స్పానిష్‌లో అలాంటి మనిషి ఎవరో ఇంకా తెలియనప్పుడు "బూస్కొ ఊన పెర్సోన కె ఆబ్లె తెలుగు" అంటారు, తెలిసిన మనిషి అయితే "ఆబ్ల" అంటారు.

5. మూడో మెట్టు: రూపాన్ని తయారుచేయడం

ఇందులో మూడు పనులున్నాయి, ఈ వరుసలోనే చేయాలి.

- "నేను" రూపం తీసుకోండి: ఆబ్లొ, కోమొ, బీబొ.
- చివరి "ఒ" తీసేయండి.
- "ఆర్" క్రియకు "ఎ", "ఏర్", "ఈర్" క్రియలకు "అ" చేర్చి, ఆపైన మనిషిని బట్టి వచ్చే ప్రత్యయం పెట్టండి.

అంటే అచ్చులు ఇల్లు మారతాయి. మామూలుగా "అ" ఉండే ఇంట్లోకి "ఎ" వస్తుంది, "ఎ" ఉండే ఇంట్లోకి "అ" వస్తుంది. కింది పట్టికల్లో యో అంటే నేను, ఏల్ అతను, ఏయ ఆమె, నొసోత్రొస్ మనం, బొసోత్రొస్ చనువుగా అనే మీరు, ఉస్తేదెస్ నలుగురిని కలిపి అనే మీరు, ఏయొస్ వాళ్ళు.

అబ్లార్ (మాట్లాడటం)
యో ఆబ్లె
తూ ఆబ్లెస్
ఉస్తేద్, ఏల్, ఏయ ఆబ్లె
నొసోత్రొస్ అబ్లేమొస్
బొసోత్రొస్ అబ్లేఇస్
ఉస్తేదెస్, ఏయొస్ ఆబ్లెన్

కొమేర్ (తినడం)
యో కోమ
తూ కోమస్
ఉస్తేద్, ఏల్, ఏయ కోమ
నొసోత్రొస్ కొమామొస్
బొసోత్రొస్ కొమాఇస్
ఉస్తేదెస్, ఏయొస్ కోమన్

బిబీర్ (జీవించడం)
యో బీబ
తూ బీబస్
ఉస్తేద్, ఏల్, ఏయ బీబ
నొసోత్రొస్ బిబామొస్
బొసోత్రొస్ బిబాఇస్
ఉస్తేదెస్, ఏయొస్ బీబన్

కొమేర్, బిబీర్ ప్రత్యయాలు ఇక్కడ పూర్తిగా ఒకటే. మామూలు వర్తమానంలో "కొమేమొస్", "బిబీమొస్" అని ఉండే తేడా కూడా సబ్‌జంక్టివ్‌లో ఉండదు. అందుకే మూడు పట్టికలు బట్టీ పట్టకండి, రెండు చాలు. బొసోత్రొస్ రూపం స్పెయిన్‌లో చనువున్న నలుగురితో మాట్లాడేటప్పుడు వాడతారు. లాటిన్ అమెరికాలో దాని స్థానంలో ఉస్తేదెస్ వాడతారు. అమెరికాలో ఉన్న బంధువుల కోసమో, ఈక్వెడార్ వ్యాపారం కోసమో నేర్చుకునేవారు దాన్ని చదివితే గుర్తుపట్టగలిగితే చాలు.

మూల రూపం నుంచి కాక "నేను" రూపం నుంచే మొదలుపెట్టమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, పూర్తిగా రెగ్యులర్ కాని క్రియలు కూడా చాలావరకు ఈ దారిలోనే దొరుకుతాయి. తెనేర్‌కు తేంగొ కనుక తేంగ, అసేర్‌కు ఆగొ కనుక ఆగ, దెసీర్‌కు దీగొ కనుక దీగ. స్పెయిన్‌లో ఫోన్ ఎత్తగానే వినిపించే "దీగ" ఇదే, చెప్పండి అని అర్థం. "నేను" రూపం "ఒ"తో ముగియని క్రియలు ఆరే ఉన్నాయి: దార్, ఎస్తార్, అబేర్, ఈర్, సబేర్, సేర్. వాటి రూపాలు వరుసగా దే, ఎస్తే, ఆయ, బాయ, సేప, సేయ. వీటిని విడిగా నేర్చుకోవాలి.

ధాతువు లోపలి అచ్చు మారే క్రియలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. సెర్రార్ (మూయడం) క్రియకు "సియేర్రె" అని వచ్చినా, నొసోత్రొస్ దగ్గర మళ్ళీ "సెర్రేమొస్" అవుతుంది.

6. నాలుగో మెట్టు: రాతలో మారే అక్షరాలు

చెవికి మారదు, చేతికి మారుతుంది. ఈ మాట పట్టుకుంటే ఈ మెట్టు చిన్నదే.

తెలుగులో క గుణింతమంతా ఒకే అక్షరంతో సాగుతుంది, ఏ అచ్చు చేరినా "క" ధ్వని పోదు. స్పానిష్‌లో "సి" అక్షరం అ, ఒ, ఉ ధ్వనుల ముందు "క"గా, ఎ, ఇ ధ్వనుల ముందు "స"గా పలుకుతుంది. బుస్కార్ (వెతకడం) క్రియలో "అ" స్థానంలోకి "ఎ" వచ్చింది కదా, "సి" అక్షరాన్ని అలాగే ఉంచితే "క" ధ్వని పోతుంది. ధ్వనిని కాపాడటానికి "సి" బదులు "క్యూ, యూ" అక్షరాలు రాస్తారు. పలకడం మాత్రం "బూస్కె"నే.

- "కార్"తో ముగిసే క్రియలు: "సి" పోయి "క్యూ, యూ" వస్తాయి. బుస్కార్, తొకార్, సకార్.
- "గార్"తో ముగిసేవి: "జీ" తరువాత పలకని "యూ" చేరుతుంది. యెగార్ నుంచి యేగె, పగార్ నుంచి పాగె. ఆ "యూ" పెట్టకపోతే "యేఖె" అని చదువుతారు.
- "జెడ్" అక్షరంతో రాసే "సార్" క్రియలు: "జెడ్" పోయి "సి" వస్తుంది. క్రుసార్ (దాటడం) నుంచి క్రూసె.
- ప్రొతెఖేర్ (కాపాడటం) లాంటివి: "జీ" స్థానంలో "జే" వస్తుంది. ఈ మార్పు "ప్రొతేఖొ" అన్న "నేను" రూపంలోనే జరిగిపోయి ఉంటుంది కనుక కొత్తగా చేయవలసింది ఏమీ లేదు.

ఇవి క్రమం తప్పిన క్రియలు కావు. ధ్వని క్రమం తప్పకుండా ఉండటానికే రాత మారుతోంది.

7. ఐదో మెట్టు: వాక్యాన్ని కూర్చడం

వాక్యాన్ని ఈ వరుసలో నిర్మించండి: మొదటి క్రియ, తరువాత "కె", తరువాత రెండో కర్త, చివరికి సబ్‌జంక్టివ్ క్రియ. రెండో కర్త క్రియ వెనుక కూడా రావచ్చు. తెలుగులో రెండో క్రియ ముందు వచ్చి "అని"తో ముగిసి, ఆ తరువాత ప్రధాన క్రియ వస్తుంది. అంటే తెలుగు వాక్యాన్ని తోక పట్టుకుని చదివితే స్పానిష్ వరుస వస్తుంది.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. "వ్యాపారులు పొగాకు కొంటారని ఆశిస్తున్నాను." తోక నుంచి చదవండి. ఆశిస్తున్నాను: "ఎస్పేరొ". అని: "కె". వ్యాపారులు: "లొస్ కొమెర్సియాంతెస్". కొంటారు: ఇది కొంప్రార్ క్రియ, "నేను" రూపం కోంప్రొ, "ఒ" తీస్తే కోంప్ర్, "ఆర్" క్రియ కనుక "ఎ", వాళ్ళు కనుక "న్", అంటే "కోంప్రెన్". పొగాకు: "ఎల్ తబాకొ". కలిపితే "ఎస్పేరొ కె లొస్ కొమెర్సియాంతెస్ కోంప్రెన్ ఎల్ తబాకొ".

మొదటి క్రియ మామూలు రూపంలోనే ఉంది, గమనించండి. ఆశించడం నిజంగా జరుగుతున్న పని, కొనడం ఇంకా జరగలేదు. కొందరు తొందరలో రెండు క్రియలనూ మార్చేస్తారు.

అభిప్రాయం చెప్పే వాక్యాలూ ఇదే మూసలో వస్తాయి. నువ్వు నీళ్ళు తాగడం ముఖ్యం: "ఎస్ ఇంపొర్తాంతె కె బేబస్ ఆగ్వ". వాళ్ళు రాయడం అవసరం: "ఎస్ నెసెసారియొ కె ఎస్క్రీబన్".

8. ఆరో మెట్టు: వద్దని చెప్పడం, మర్యాదగా అడగడం

ఇక్కడ రెండో క్రియ ఉండదు, "కె" ఉండదు. అయినా రూపం సబ్‌జంక్టివే.

చనువున్నవారితో "మాట్లాడు" అనడానికి "ఆబ్ల", "మాట్లాడకు" అనడానికి "నో ఆబ్లెస్". తెలుగులోనూ "మాట్లాడు" ముందు "వద్దు" చేర్చి సరిపెట్టుకోం కదా, రూపమే మార్చి "మాట్లాడకు" అంటాం. స్పానిష్ కూడా వద్దనేటప్పుడు రూపాన్నే మారుస్తుంది.

ఉస్తేద్‌తో అయితే ఔనన్నా వద్దన్నా రెండూ సబ్‌జంక్టివే. మాట్లాడండి: "ఆబ్లె". మాట్లాడకండి: "నో ఆబ్లె". తినండి: "కోమ". నలుగురిని కలిపి అంటే "కోమన్". పెద్దవారినీ, కొత్తవారినీ "మీరు" అని పిలిచే అలవాటున్న మనకు ఈ రూపంతోనే ఎక్కువ పని పడుతుంది. కాబట్టి సాధనలో దీన్ని వెనక్కి నెట్టకండి.

9. ఎక్కువగా కనబడే పొరపాట్లు, దిద్దుకునే దారి

"ఆలి" చూసి మోసపోవడం. మన విద్యార్థుల పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువగా దిద్దుతున్నది ఇదే. "నేను రేపు చదవాలి" అంటే అది బాధ్యత, కోరిక కాదు. "తేంగొ కె ఎస్తుదియార్" అనాలి. ఇందులో "కె" ఉంది, అయినా తరువాత మూల రూపమే వస్తుంది. "ఆలి" తరువాత "అని" ఉందా, కర్తలు ఇద్దరా అని చూసుకున్నాకే సబ్‌జంక్టివ్ జోలికి వెళ్ళండి.

కర్త ఒకరే అయినా "కె" పెట్టడం. నాకు తినాలని ఉంది, నువ్వు తినాలని నాకు ఉంది. తెలుగులో రెండు చోట్లా "తినాలని" ఒకటే కనుక మనకు తేడా తట్టదు. మొదటిది "కియేరొ కొమేర్", రెండోది "కియేరొ కె కోమస్". కోరేవారూ తినేవారూ ఒకరే అయితే మూల రూపం, వేరైతే "కె"తో సబ్‌జంక్టివ్.

"వస్తే" దగ్గర సబ్‌జంక్టివ్ పెట్టడం. షరతు కూడా జరగని సంగతే కదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. అయినా వర్తమానంలో "సి" (అయితే) అన్న మాట తరువాత వర్తమాన సబ్‌జంక్టివ్ రాదు. నువ్వు చేరితే: "సి యేగస్". నువ్వు చేరాక: "క్వాందొ యేగెస్". "నెల్లూరు చేరాక నాకు ఫోన్ చెయ్యి" అనడానికి "క్వాందొ యేగెస్ అ నెల్లూర్, యామమె". అదే రోజూ జరిగే అలవాటు అయితే "క్వాందొ యేగొ అ కాస, కోమొ", ఇల్లు చేరినప్పుడల్లా తింటాను అని. భవిష్యత్తు కనుక భవిష్యత్ కాలపు రూపం పెట్టడం కూడా ఇక్కడ తప్పే.

ఒత్తు తప్పడం. "ఆబ్లె" అంటే మాట్లాడాలి, "అబ్లే" అంటే నేను మాట్లాడాను. చివరి అక్షరం మీద ఒత్తు పడితే కోరిక కాస్తా జరిగిపోయిన సంగతి అవుతుంది. "ఆర్" క్రియలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది: "పాగె", "పగే", "యేగె", "యెగే". దిద్దుకోవడానికి, ఒత్తు అక్షరం దగ్గర బల్ల మీద వేలితో తట్టుతూ పలకండి. నాలుగు రోజుల్లో నాలుకకు అలవాటవుతుంది.

కర్తను వదిలేయడం. "యో ఆబ్లె", "ఏల్ ఆబ్లె" ఒకేలా ఉంటాయి. సందర్భం నుంచి తెలియకపోతే యో, ఏల్, ఏయ, ఉస్తేద్ అని చెప్పాలి.

"మనం" రూపాన్ని కలగలపడం. "అబ్లామొస్" మాట్లాడుతున్నాం, "అబ్లేమొస్" మాట్లాడుకుందాం. "కొమేమొస్" తింటున్నాం, "కొమామొస్" తిందాం. "ఎమొస్" వినగానే సబ్‌జంక్టివ్ అనుకోకండి, అది ఏ గుంపు క్రియో ముందు చూడండి.

10. సాధన చేసుకునే వరుస

మొదటి మూడు రోజులు "ఆర్" క్రియలు రోజుకు ఐదు, ఆరు రూపాల్లోనూ గట్టిగా చదవండి. నాలుగు, ఐదు రోజుల్లో "ఏర్", "ఈర్" క్రియలు. ఆరో రోజు అక్షరాలు మారే క్రియలు, ఇవి తప్పనిసరిగా చేత్తో రాయాలి. ఏడో రోజు నుంచి వాక్యాలు.

వాక్యాలకు పుస్తకాలు వెతకనక్కరలేదు. ఆ రోజు మీ ఇంట్లో వినబడిన "మని", "ఏట్టు", "వద్దు" మాటలను ఐదింటిని రాసుకుని, వాటిని స్పానిష్‌లోకి మార్చండి. అన్నం తినమని అమ్మ, తలుపు వేయమని నాన్న, అరవకండని తాత రోజూ అనే మాటలే మీ పాఠం. ఒక్కొక్క వాక్యం రాశాక ఈ నాలుగూ సరిచూసుకోండి.

- కర్తలు ఇద్దరేనా?
- "నేను" రూపం నుంచే మొదలుపెట్టానా?
- అచ్చు ఇల్లు మారిందా?
- మొదటి క్రియను మార్చకుండా వదిలానా?

ఈ ఐదు వాక్యాలను జవాబులు చూడకుండా ముందు మీరే రాయండి.

(అ) మా తమ్ముడు బాగా చదవాలని నా కోరిక.
(ఆ) నాకు మైపాడులో ఉండాలని ఉంది (బిబీర్ వాడండి).
(ఇ) రైతులు పొగాకు అమ్మకముందే వారికి ఫోన్ చేస్తాను.
(ఈ) తలుపు తీయకండి.
(ఉ) రొయ్య ధర పెరుగుతోందని అనుకుంటున్నాను.

జవాబులు:

(అ) "కియేరొ కె మి ఎర్మానొ ఎస్తూదియె మూచొ."
(ఆ) "కియేరొ బిబీర్ ఎన్ మైపాడు." కోరేవారూ ఉండేవారూ ఒకరే, అందుకే మూల రూపం.
(ఇ) "యామొ అ లొస్ అగ్రికుల్తోరెస్ ఆంతెస్ దె కె బేందన్ ఎల్ తబాకొ."
(ఈ) "నో ఆబ్ర ల పువేర్త."
(ఉ) "క్రేయొ కె సూబె ఎల్ ప్రేసియొ దెల్ కమరోన్." ఇక్కడ "సూబె" మామూలు రూపమే. "ఎ" కనబడింది కదా అని సబ్‌జంక్టివ్ అనుకుంటే, సుబీర్ "ఈర్" క్రియ అన్న సంగతి మరచినట్టు. ఇదే వాక్యాన్ని "అనుకోవడం లేదు" అని మార్చి రాస్తే "నో క్రేయొ కె సూబ" అవుతుంది.